ముక్కల బలాబలాలు తేల్చిన లెక్క

పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల్లో పేకాట అనగానే ఎక్కువగా వినిపించే పేర్లు మూడు: లోనా బయటా, మూడు ముక్కలాట, రమ్మీ. మూడూ అవే ముక్కలతో ఆడేవైనా గెలుపు తేల్చే తీరు దేనికది వేరు. లోనా బయటాలో ఆటగాడి చేతిలో ముక్కలంటూ ఉండవు. తెరిచి పెట్టిన ముక్కకు జత లోపల పడిందా, బయట పడిందా అన్నదొక్కటే ప్రశ్న. మూడు ముక్కలాటలో ఇద్దరి ముక్కలూ పక్కపక్కన పెట్టి ఏవి పెద్దవో చూస్తారు. పోకర్ కూడా ఈ కోవలోదే, కాకపోతే అందులో ఐదు ముక్కల లెక్క. రమ్మీలో ఇలాంటి పోలికే లేదు. పదమూడు ముక్కల్నీ వరసల్లోకి, జట్లలోకి ముందుగా తెచ్చుకున్నవాడు షో చేస్తాడు.

ఈ తీర్పులు చెప్పే పని మనుషుల చేతుల్లోంచి కంప్యూటరు ప్రోగ్రాముల చేతుల్లోకి వెళ్లిన కథలో తెలుగువారికి రెండు చోట్ల భాగముంది. రమ్మీ అదృష్టమా, నైపుణ్యమా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లి దేశమంతటికీ వర్తించే తీర్పు అయింది ఆంధ్రప్రదేశ్ కేసుతోనే. డబ్బు పందెంతో రమ్మీని ఇంటర్నెట్ మీదికి ఎక్కించిన తొలితరం సంస్థల్లో ఒకటి నడిచింది హైదరాబాదు నుంచే.

అచ్చుముక్కలు రాకముందు దేశంలో ఉన్నది గంజీఫా. గుండ్రటి ముక్కలు, లక్కపూత, వాటి మీద చేత్తో వేసిన బొమ్మలు. మొఘలు పద్ధతిలో పేకకు 96 ముక్కలు, దశావతార పద్ధతిలో 120. తెలుగునాట ఆ పనికి పేరుపడ్డ ఊరు నిర్మల్. తర్వాత ఐరోపావాళ్ల 52 ముక్కల పేక వచ్చి ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను పేర్లతో తెలుగు ఇళ్లలో కుదురుకుంది. గురజాడ ‘కన్యాశుల్కం’లో పేకాట ఘట్టం ఒకటి ఉంది. గురజాడ కాలానికి ఈ ఆట ఎంత మామూలైపోయిందో తెలియడానికి అది చాలు.

డెల్టాలో ఆటకు ఊపు తెచ్చింది పంట. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువ నీళ్లు పొలాలకు చేరాయి, వరి నిలకడగా పండింది. కోతలు, నూర్పిళ్లు ముగిసి చేతిలో డబ్బు ఆడే రోజుల్లోనే సంక్రాంతి వస్తుంది. భీమవరం నుంచి ఏలూరు దాకా పండగ మూడు రోజులూ కోడిపందేల బరులు, వాటి పక్కనే గుండాట, పేకాట బల్లలు వెలవడం, పోలీసులు వాటి మీద దాడులు చేయడం ఏటా పత్రికల్లో కనిపించే వార్త. కొల్లేరు చుట్టుపక్కల ఈ లెక్క మరికొంత మారింది. 1980ల నుంచి పొలాలూ సరస్సు గర్భమూ చేపల చెరువులుగా మారుతూ వచ్చాయి. ఒక్క పట్టుబడితో పెద్ద మొత్తం ఒకేసారి చేతికి వచ్చే వ్యాపారం అది. ఊరికి దూరంగా చెరువు గట్ల మీద ఉండే మకాములు పేకాట శిబిరాలకు అనువైన చోట్లయ్యాయి.

చట్టం మొదటినుంచీ ఒకే తీరులో లేదు. 1925లో కృష్ణా జిల్లా నుంచి విడిపోయి ఏలూరు కేంద్రంగా ఏర్పడ్డ పశ్చిమ గోదావరి అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోది. కాబట్టి అక్కడ నడిచింది 1930 నాటి మద్రాసు గేమింగ్ చట్టం. నిజాం ఏలుబడిలో ఉన్న ప్రాంతంలో 1305 ఫసలీ నాటి హైదరాబాదు గ్యాంబ్లింగ్ చట్టం ఉండేది. 1956లో రెండు ప్రాంతాలూ కలిసి ఆంధ్రప్రదేశ్ అయినా ఈ రెండు చట్టాలూ దేని మానాన అవి నడిచాయి. రెండింటి స్థానంలో ఒకే చట్టం వచ్చింది 1974లో, ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టంగా. పాత చట్టాలు రెండూ నడుస్తున్న కాలంలోనే అసలు కేసు పుట్టింది.

1963 మే నెలలో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. అక్కడ కొందరు డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. మేజిస్ట్రేటు శిక్ష వేశారు. సెషన్సు జడ్జి అది నిలవదని అభిప్రాయపడి విషయాన్ని హైకోర్టుకు నివేదించారు. హైకోర్టు శిక్ష కొట్టేసింది. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ అన్న పేరుతో న్యాయవాదులందరికీ తెలిసిన ఆ అప్పీలు మీద 1967 నవంబరు 22న తీర్పు వచ్చింది. రాసినవారు జస్టిస్ హిదయతుల్లా.

ఆ తీర్పులో రమ్మీని మూడు ముక్కలాట నుంచి విడదీసిన తీరు గమనించదగ్గది. ఫ్లష్, బ్రాగ్ వంటి మూడు ముక్కల ఆటలు కేవలం అదృష్టం మీద నడిచేవని కోర్టు అంది. రమ్మీలో అలా కాదు. ఏ ముక్కలు పడిపోయాయో గుర్తుంచుకోవాలి, ఏది అట్టే పెట్టుకోవాలో, ఏది పారెయ్యాలో నిర్ణయించుకోవాలి, వరసలు కట్టుకుంటూ పోవాలి. ముక్కలు పంచడంలో అదృష్టం ఉన్న మాట నిజమే, కానీ అది బ్రిడ్జి ఆటలో ఉన్నపాటిదేనని కోర్టు పోల్చింది. అందుచేత రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని తేల్చి ప్రభుత్వ అప్పీలును తోసిపుచ్చింది. తీర్పులో మరో మాటా ఉంది. క్లబ్బు యజమాని ఆటలోని పందెం మీద లాభం తీస్తున్నట్టు ఆధారాలుంటే నేరం కింద చూడవచ్చన్నది ఆ మాట. తర్వాతి యాభై ఏళ్లూ క్లబ్బులవాళ్లు తీర్పులోని మొదటి భాగాన్నే గట్టిగా పట్టుకున్నారు. రెండో భాగం అంత తరచుగా చర్చకు రాలేదు. అసలు బరువున్నది ఆ రెండో భాగంలోనే.

ముక్కల పోలికను లెక్కగా చూస్తే కోర్టు చేసిన విభజనకు గణితం ఎంతవరకు మద్దతిస్తుందో తెలుస్తుంది. 52 ముక్కల్లోంచి మూడింటిని ఎంచే విధాలు 22,100. వీటిలో మూడూ ఒకే అంకె అయినవి 52, ఒకే రంగులో వరుసగా వచ్చినవి 48, రంగు కలవని వరసలు 720, వరస లేని ఒకే రంగువి 1,096, జతలు 3,744. మిగిలిన 16,440 చేతుల్లో చెప్పుకోదగ్గదేమీ ఉండదు. నాలుగింట మూడొంతుల సార్లు ఆటగాడికి పడేవి ఇలాంటి ఉత్త ముక్కలే. అరుదైనది పెద్దది కావాలన్న సూత్రం ప్రకారం 48 ఉన్న వరస 52 ఉన్న మూడొకట్ల కంటే పైన ఉండాలి. కాసినోల మూడు ముక్కల పోకర్లో అలాగే ఉంటుంది. మన మూడు ముక్కలాటలో మాత్రం మూడొకట్లదే పైచేయి. ఇంగ్లండు నుంచి వచ్చిన బ్రాగ్‌లోనూ ఇదే పద్ధతి. ఆడేవాళ్లు వాడుకలో ఖాయం చేసుకున్న వరసను లెక్కలు మార్చలేకపోయాయి. ప్రోగ్రాము రాసేవాడు కూడా ఆ వాడుకకే కట్టుబడాలి.

ఐదు ముక్కల పోకర్లో వాడుక, లెక్క ఒక్కటిగా నడుస్తాయి. చేతుల సంఖ్య 25,98,960. ఒకే రంగు వరసలు 40, నాలుగొకట్లు 624, మూడొకట్లతో జత కలిసిన ఫుల్ హౌస్ 3,744, ఒకే రంగువి 5,108, మామూలు వరసలు 10,200, మూడొకట్లు 54,912, రెండు జతలు 1,23,552, ఒక జత 10,98,240, ఏమీ లేనివి 13,02,540. అరుదైనది ముందు, తరచు వచ్చేది వెనుక అన్న క్రమం ఎక్కడా తప్పదు. మూడు ముక్కల్లో ఒకే రంగు కంటే వరస అరుదు కాబట్టి వరసది పైచేయి. ఐదు ముక్కలకు వచ్చేసరికి అదే తలకిందులై ఒకే రంగు పైకి వెళ్తుంది. మూడు ముక్కలాటకు అలవాటుపడి పోకర్‌కు మారినవారు మొదట తడబడేది సరిగ్గా ఇక్కడే.

పాతిక లక్షలకు పైగా చేతులున్నా వాటిలో నిజంగా వేర్వేరు బలాలున్నవి 7,462 మాత్రమే. రాజుల జతలో ఇస్పేటు రాజున్నా, కళావరు రాజున్నా బలం ఒకటే కదా. ప్రతి చేతికీ 1 నుంచి 7,462 దాకా ఒక సంఖ్య ఇవ్వగలిగితే పోలిక అంతా రెండు సంఖ్యల్లో ఏది చిన్నదో చూడటంగా మారిపోతుంది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు మొదట్లో మనిషి చూసినట్టే చూసే ప్రోగ్రాములు రాశారు. ముక్కల్ని వరసలో పేర్చి, నాలుగొకట్లు ఉన్నాయా, ఫుల్ హౌస్ ఉందా అంటూ పైనుంచి కిందికి ఒక్కొక్కటీ అడుగుతూ పోయేవి. అవి తప్పు చెప్పవు కానీ నెమ్మది. కోట్లసార్లు ఆడి చూడవలసిన పనికి చాలవు.

దీనికి కెవిన్ సఫెకూల్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ చూపిన దారి ‘కాక్టస్ కెవ్’ పేరుతో ప్రసిద్ధం. బడిలో నేర్చుకున్న ప్రధాన సంఖ్యలే దానికి ఆధారం. రెండుకు 2, మూడుకు 3, నాలుగుకు 5, ఐదుకు 7 అంటూ వరుసగా పోతే జాకీకి 29, రాణికి 31, రాజుకు 37, ఆసుకు 41 వస్తాయి. చేతిలోని ఐదు సంఖ్యల్నీ గుణించాలి. మూడు రాజులు, రెండు ఏడ్లు పడితే 37ను మూడుసార్లు, ఏడుకు కేటాయించిన 13ను రెండుసార్లు గుణిస్తే 85,60,357. ముక్కలు ఏ వరసలో పడ్డా లబ్ధం మారదు. ఏ సంఖ్యకైనా ప్రధాన కారణాంకాల విభజన ఒక్కటే ఉంటుంది కాబట్టి మరే అంకెల కలయికకూ ఇదే లబ్ధం రాదు. పేర్చే పనే అక్కర్లేకుండా పోయింది. ఒకే రంగు చేతులకు, ఐదూ వేర్వేరు అంకెలున్న చేతులకు విడిగా చిన్న పట్టికలుంటాయి. మిగిలిన 4,888 బలాల్ని ఈ లబ్ధాల పట్టికలో వెతుకుతారు. ఆ వెతుకులాటను కూడా తప్పించి, లబ్ధం నుంచి నేరుగా పట్టికలోని చోటుకు వెళ్లే హాషింగ్ సూత్రాన్ని పాల్ సెంజీ జోడించాడు. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికి గణిత సిద్ధాంతం పనిలోకి ఎలా వస్తుందో చూపడానికి ఇంత చక్కని ఉదాహరణ అరుదు. తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన నిట్‌లోనైనా, ఏలూరు ఇంజినీరింగు కళాశాలల్లోనైనా విద్యార్థులు దీన్ని సొంతంగా రాసి చూస్తే బిట్లు, పట్టికలు, హాషింగ్ మూడూ ఒక్క పాఠంలో అబ్బుతాయి.

టెక్సాస్ హోల్డెమ్ పోకర్లో ఏడు ముక్కల్లోంచి మంచి ఐదింటిని ఎంచుకోవాలి. ఏడేసి ముక్కల చేతులు 13,37,84,560. దీనికి 2006 ప్రాంతంలో ఒక పెద్ద పట్టికను సిద్ధం చేశారు. అందులో 3,24,87,834 గడులు. మొదటి ముక్క ఒక గడికి తీసుకెళ్తుంది, అక్కడినుంచి రెండో ముక్క మరో గడికి, అలా ఏడు గెంతుల్లో జవాబు చేతికొస్తుంది. దాదాపు 13 కోట్ల బైట్ల మెమరీ ఖర్చుపెట్టి ఆలోచనే అక్కర్లేని వేగం సంపాదించడం ఇది.

రమ్మీకి ఈ దారి పనికిరాదు. పోకర్లో ముక్కలు పడగానే వాటి బలం ఖాయమైపోతుంది. రమ్మీలో అవే ముక్కల్ని ఎలా అమర్చాడన్నదాని మీద అంతా ఆధారపడి ఉంటుంది. ఒక ఆటగాడి దగ్గర ఆఠీను 4, 5, 6, 7తోపాటు ఇస్పేటు 7, కళావరు 7 ఉన్నాయనుకుందాం. ఆఠీనులన్నిటినీ కలిపి నాలుగు ముక్కల వరస కడితే మిగిలిన రెండు ఏడ్లూ దిక్కులేనివవుతాయి. ఆఠీను 7ను వదిలి మూడు ముక్కల వరసే పెట్టుకుంటే మూడు ఏడ్లు జట్టుగా కుదురుతాయి, ఆరు ముక్కలూ సర్దుకుంటాయి. దొరికినదాన్ని దొరికినట్టు కలుపుకుపోయే ప్రోగ్రాము మొదటి దారిలో చిక్కుకుంటుంది. కాబట్టి ఒక అమరిక పెట్టి చూసి, కుదరకపోతే వెనక్కి వచ్చి మరో అమరిక ప్రయత్నించే పద్ధతే గతి. కనీసం రెండు వరసలుండాలి, వాటిలో ఒకటి జోకరు సాయం లేనిదై ఉండాలి, జట్టులో ఒకే రంగు రెండుసార్లు రాకూడదు అన్న నియమాలన్నీ ప్రతిసారీ సరిచూడాలి. రెండు పేకలు కలిపి ఆడతారు కాబట్టి ఒకే ముక్క రెండుసార్లు రావచ్చు. జోకరు ఏ ముక్కగానైనా మారగలదు. వీటితో వెతకవలసిన అమరికలు మరీ పెరుగుతాయి. ఓడినవారికి పాయింట్లు వేసేటప్పుడు కూడా మిగిలిన ముక్కల విలువ అతి తక్కువయ్యే అమరిక ఏదో కనిపెట్టాలి. జోకరు లేని వరస లేకపోతే అన్ని ముక్కలూ లెక్కలోకి వస్తాయి, 80కి మించకుండా. 1967లో కోర్టు నైపుణ్యం అన్న పేరుతో ప్రస్తావించిన కట్టుకోవడం, పట్టుకోవడం, పారెయ్యడం ప్రోగ్రాము రాసేవాడికి ఇలా నియమాలుగా, వెతుకులాటగా కనిపిస్తాయి. చిక్కంతా సరిగ్గా కోర్టు చూపిన చోటే ఉంది.

హైదరాబాదు కేంద్రంగా హెడ్ ఇన్ఫోటెక్ సంస్థ 2000ల మలిభాగం నుంచి ‘ఏస్‌టూత్రీ’ పేరుతో ఆన్‌లైన్ రమ్మీ నడిపింది. తర్వాత దాని పేరు ‘ఏ23’ అయింది, పోకర్ కూడా చేరింది. క్లబ్బులో నలుగురు కూర్చుని కళ్లముందు పేక కలిపే చోట ఇప్పుడు సర్వరు కలుపుతుంది. అందుకే ముక్కల్ని పోల్చడం కంటే కలపడమే పెద్ద ప్రశ్న అయింది. 52 ముక్కల్ని పేర్చే విధాలు 68 అంకెల సంఖ్య. 1999లో ఒక ఆన్‌లైన్ పోకర్ ప్రోగ్రాము పేక కలపడానికి అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్ల మీద ఆధారపడేది. రోజులో ఉన్న మిల్లీసెకన్లు 8,64,00,000. అంటే అంతకు మించి వేర్వేరు పేకల్ని ఆ ప్రోగ్రాము పుట్టించలేదు. గడియారం కాస్త సరిపోల్చుకుంటే వెతకాల్సినవి రెండు లక్షలకు దిగుతాయని రిలయబుల్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీస్ పరిశోధకులు చూపించారు. ఐదు ముక్కలు కనబడగానే మిగిలిన పేకంతా తెలిసిపోయేది. ఆటలో మోసం లేదని నిరూపించడానికి ఆ ప్రోగ్రాము రాసినవాళ్లే కలిపే పద్ధతిని బయటపెట్టడంతో ఈ లోపం దొరికింది. బయటపెట్టి పరీక్షకు నిలబడటం మంచి పద్ధతేనని ఆ సంఘటనే చెబుతుంది.

పోకర్లో నైపుణ్యం ఉందా అన్నదానికి ఇంకో వైపు నుంచి కూడా జవాబు వచ్చింది. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వారి ‘సెఫియస్’ 2015లో ఇద్దరాడే, పందేనికి పరిమితి ఉన్న పోకర్‌ను దాదాపుగా పరిష్కరించింది. 2017లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు ‘లిబ్రాటస్’ నలుగురు వృత్తి ఆటగాళ్లతో 1,20,000 చేతులు ఆడి గెలిచింది. కేవలం అదృష్టమే అయితే ఏ యంత్రమూ ఇంత నిలకడగా గెలవలేదు. అంటే పోకర్లో నైపుణ్యం ఉందన్నట్టే. కానీ ఆ నైపుణ్యం ఫలితంలో తేలడానికి చాలా చేతులు ఆడాలి. ఒక పండగ రాత్రి ఆడేవాడికి పడేవి పదుల సంఖ్యలోనే ఉంటాయి. ఆ కాస్త ఆటలో గెలుపోటముల్ని నడిపేది అదృష్టమే.

రాష్ట్రాలు మాత్రం ఆట స్వభావాన్ని వదిలి పందెం మీదికి మళ్లాయి. తెలంగాణ 2017లో తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందాలను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2020 సెప్టెంబరు 3న రమ్మీ, పోకర్ వంటి ఆన్‌లైన్ ఆటల నిషేధానికి ఆమోదం తెలిపింది. యువత వ్యసనానికి లోనై నష్టపోతోందన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. మొదటిసారి పట్టుబడ్డ నిర్వాహకులకు ఏడాది, రెండోసారి రెండేళ్లు, ఆడినవారికి ఆరు నెలల జైలు. అప్పటినుంచి సంస్థలు ఫోను ఎక్కడుందో చూసి, ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఉంటే డబ్బు బల్ల దగ్గరికి రానివ్వడం మానేశాయి. ముక్కలు చూసే ముందు ఊరు చూడటం ప్రోగ్రాముకు అప్పట్లో కొత్తగా చేరిన పని.

చివరికి కేంద్రం కూడా అదే బాట పట్టింది. ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహం, నియంత్రణ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ అది నిషేధించింది. 1967 తీర్పు రమ్మీకి ఇచ్చిన రక్షణ ఆన్‌లైన్ పందెం దగ్గర ఇక పనిచేయదన్నమాట. ఏ23ని నడిపే సంస్థ కర్ణాటక హైకోర్టులో దీన్ని సవాలు చేసింది. వివిధ హైకోర్టుల్లోని ఇలాంటి పిటిషన్లను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో తన దగ్గరికి బదిలీ చేసుకుంది. డబ్బు పందెం లేని ఆటల్ని మాత్రం ఈ చట్టం నిషేధించలేదు. ముక్కల్ని పోల్చే ప్రోగ్రాము రాయడానికి గానీ, దానితో సరదాగా ఆడుకోవడానికి గానీ అడ్డేమీ లేదు.